కీమ్యాన్ తిప్పేస్వామి బండియిల్లు

మా తిప్పేస్వామి భూగోళాన్ని దాదాపు మూడుమార్లు చుట్టి వచ్చేంత దూరం నడిచాడు. చూసినది మాత్రం ఆరు కిలోమీటర్లే. ఈ లెక్క వేసి ఇచ్చినవాడు మా బడిలో గణితం బోధించిన గంగాధరప్ప. నేను తెలుగు అయ్యవారిని గనుక గుణకారంలో తప్పుంటే బాధ్యత ఆయనది, వాక్యంలో తప్పుంటే నాది.

తిప్పేస్వామి రైల్వేలో కీమ్యాన్‌గా పనిచేసి రిటైరయినాడు. ఆ పేరు విని, స్టేషను గదులకు తాళాలు వేసే ఉద్యోగమనుకునేవారు మా ముదిగుబ్బలో ఇప్పటికీ ఉన్నారు. పట్టాలను కింది దిమ్మెలకు బిగించి పట్టే ఇనుప చీలలను రైల్వేవారు చాబీలంటారు. భుజాన సుత్తి, సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా పెట్టుకొని, రోజూ పొద్దున్నే ఆరు కిలోమీటర్లు ఒక పట్టా వెంట పోయి, రెండో పట్టా వెంట తిరిగి వస్తూ, చాబీలను ఒక్కొక్కటిగా చూసి, వదులైనదాన్ని కొట్టి బిగించడం అతని పని. ముప్పైయొక్క సంవత్సరాలు చేశాడు. రైలు కూత వినబడితే పట్టాలు దిగి, మూడడుగులు వెనక్కు జరిగి, నిటారుగా నిలబడి పచ్చజెండా చూపాలి. చివరి పెట్టెలో ఉన్న గార్డు తన పచ్చజెండాతో బదులివ్వాలి. అంతా క్షేమమని ఒకరికొకరు చెప్పుకోవడమన్నమాట. ఇంత నిర్దుష్టమైన సంభాషణను నేను మనుషుల నోట ఏనాడూ వినలేదు. కర్తకు క్రియ తప్పడమనే ప్రసక్తే లేదు.

ఆ రోజుల్లో మా ఊరి మీదుగా పోయేది మీటరు గేజి బండి. పట్టాల నడుమ వెడల్పు సరిగ్గా ఒక మీటరు; చిన్న పెట్టెలు, చిన్న కిటికీలు, చిన్న కూత. తరువాత దాన్ని పీకి పెద్ద లైను వేశారు. చివరి మీటరు గేజి బండి పోయిన నాడు ఊరు ఊరంతా దానికి బంతిపూల దండలు కట్టి, కదిరి దాకా ఎక్కి పోయింది. తిప్పేస్వామి, అతని భార్య గంగాదేవి కూడా పోదామనుకున్నారు. అంతకుముందు అతడు ఆ బండి ఎక్కలేదని కాదు. సుత్తితో, గ్యాంగువాళ్లతో, నిలబడి ఎన్నోమార్లు ఎక్కాడు. భార్య పక్కన కూర్చొని, ప్రయాణికుడిలాగా, కిటికీలోంచి చూస్తూ పోయినది ఒక్కమారూ లేదు. ఆమెకు గొర్రెలు, అతనికి డ్యూటీ.

తీరా ఆ పొద్దు అతని బదులు పోవలసిన రెండో కీమ్యానుకు జ్వరం వచ్చింది. తిప్పేస్వామి సుత్తి తీసుకోక తప్పలేదు. "నువ్వన్నా పోవే" అన్నాడు. "నిన్ను కంకర మీద నిలబెట్టి నేను కిటికీలోంచి సూస్తా పోవల్లనా?" అని గంగాదేవి కొత్త చీరతోనే వచ్చి మొగుడి పక్కన నిలబడింది. బండి పోయింది. గార్డు జెండా ఊపాడు. ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చారు. అప్పటినుంచి తిప్పేస్వామికి లోకంలో ఒకే కోరిక మిగిలింది: గంగాదేవితో ఒక్కమారు మీటరు గేజి ఎక్కాలి. కోరిక ఉంది, మీటరు గేజి లేదు.

ఇక నా కోరిక వేరు. మా బడిలో సాంఘికశాస్త్రం అయ్యవారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ పాఠం నా నెత్తిన పడేది. "దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వర్షం కురిసే జిల్లా అనంతపురం" అనే వాక్యాన్ని బోర్డు మీద ఎన్నిమార్లు రాశానో! 'తరువాత' అనేది చూడటానికి ఎంత అమాయకమైన అవ్యయం! ఆ ఒక్క మాటతో మా జిల్లా అంతా రెండో వరుసలో కూర్చుండిపోయింది. కరువులో సైతం మొదటి ర్యాంకు మాకు దక్కలేదు గదా అని సుద్దముక్క పట్టుకొని చాలామార్లు నిట్టూర్చాను.

ఒకనాటి పొద్దుటి నడకలో ఈ బాధ తిప్పేస్వామికి చెప్పుకున్నాను. అతడు ఆగిపోయి నా ముఖంలోకి చూశాడు.

"అయితే అయ్యవారూ, ఆ ఫస్టు వచ్చినోణ్ని మీరు సూసినారా?"

"లేదప్పా."

"మరి సూడకుండానే ఎట్ల ఒప్పుకుంటిరి? పోదాం పదండి. ఆ రాజస్థాన్‌లోనే కొండల్లో ఒక మీటరు గేజి ఇంగా తిరగతాండాదంట. నా కూడా పనిచేసినోడు సోమప్ప సూసొచ్చినాడు. దాన్ని పీకలేదంట అయ్యవారూ! అట్లే పెట్టినారంట, సూసేదానికి!"

ఆ చివరి వాక్యం చెప్పేటప్పుడు అరవైఆరేళ్ల మనిషి మడమలు నేలమీద ఆనలేదు.

అంత దూరం రైల్లో పోవచ్చు గదా అని ఎవరికైనా తోస్తుంది. గంగాదేవి ఒప్పుకోలేదు. "నా పొయ్యి నాతో రావల్ల. ఎవురో చేసిన కూడు వారం దినాలు తింటే నేను మనిషిగా తిరిగి రాను" అని తేల్చి చెప్పింది. పొయ్యి రావాలంటే ఇల్లు రావాలి. ఇల్లు రావాలంటే దానికి చక్రాలుండాలి. గంగాదేవి చెల్లెలు భారతి పద్దెనిమిదేళ్లుగా టమోటా లారీ తోలుతోంది. నాగపూరు దాకా ఆమెకు తెలియని ఢాబా లేదు. ఎక్కడో వేలంలో వచ్చిన పాత వ్యానునొకదాన్ని ఆమే వెదికి తెచ్చింది. అది పూర్వాశ్రమంలో సంచార పశువైద్యశాల. లోపల గొర్రెలను పడుకోబెట్టే బల్ల ఉంది, నీళ్ల తొట్టి ఉంది, సెలైను సీసాలు తగిలించే కొక్కేలున్నాయి. గుత్తిలో నెలరోజులు మరమ్మతు చేయిస్తే బల్ల మంచమయింది. కొక్కేలకు బొరుగుల సంచి, చెనక్కాయల పొడి డబ్బా, ఉల్లిగడ్డల బుట్ట వేలాడాయి. వెలుపల మూడు పూతల పసుపు రంగు వేసినా, ఎండపడితే అడుగునున్న ఆవు బొమ్మ లీలగా కనబడుతూనే ఉంది.

దానికి పేరు రాయించే దగ్గర తగాదా వచ్చింది. గంగాదేవి 'బండిల్లు' అంది. అట్లా కుదరదు. ఇకారం మీద అచ్చు వచ్చినంత మాత్రాన లోపించడానికి 'బండి' ఏమ్యాదుల్లోని మాట కాదు; నడుమ యడాగమం వచ్చి 'బండియిల్లు' కావలసిందే. భారతి 'ఇంటిబండి' అంది. 'ఇల్లు' 'ఇంటి'గా మారిందంటే షష్ఠి వచ్చి కూర్చున్నట్టే. అప్పుడది ఇంటికి చెందిన బండి అవుతుంది. మనది బండి అయిన ఇల్లు గదా! ఇదంతా నేను ఓపికగా వివరిస్తుంటే పెయింటరు కుంచె పట్టుకొని అరగంట నిలబడ్డాడు.

"అయ్యవారూ, మీరు చెప్పింది రాపిస్తాం గానీ, ఎక్కేటప్పుడు ఆ యడాగమాన్ని నా కాలికి అడ్డం పెట్టగాకండి" అంది గంగాదేవి.

కార్తీకం వెళ్లగానే బయలుదేరాము. వజ్రకరూరు దాటకముందే మొదటి విఘ్నం. టీ తాగడానికి ఆగామో లేదో, తలగుడ్డ చుట్టుకున్న గొర్రెలకాపరి ఒకడు పొట్టేలును ఎత్తుకొని పరుగున వచ్చాడు.

"డాక్టరు సారు యాడ?"

"డాక్టరు లేడప్పా, ఇది మా ఇల్లు."

"ఏమప్పా, ఆవు బొమ్మ పెట్టుకోని ఇల్లంటావు! సూది ఎయ్యి, పోతా."

భారతి నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తలవాల్చింది. గంగాదేవి దిగి, పొట్టేలు నోరు తెరిచి చూసి, "సూది ఎందుకు, ఇది పచ్చి జొన్న తినింది. కడుపుబ్బరం. వాము నీళ్లు తాపించు" అంది. అతడు దండం పెట్టి పోయాడు. తరువాత ఎక్కడ ఆగినా ఇదే వరస. కర్ణాటకలో రెండు మేకలు, మహారాష్ట్రలో ఒక ఎద్దు, గుజరాతులో ఒక కుక్క. భాష మారింది గాని మా ఆవు బొమ్మను చదవలేనివారు ఏ రాష్ట్రంలోనూ తగలలేదు. తిప్పేస్వామి మాత్రం రైలు గేటు పడినప్పుడల్లా దిగిపోయి, పట్టాల వెడల్పు కంటితో కొలిచి, పెదవి విరిచి వచ్చేవాడు. "పెద్దది. మనది కాదు."

ఐదో నాడు జైసల్మేరు చేరాము. ఎడారి ఉద్యానమని ప్రభుత్వం హద్దులు పెట్టి కాపాడుతున్న చోట వ్యాను దిగి, నేను చేతులు కట్టుకొని మొదటి ర్యాంకు ముందు నిలబడ్డాను. కనుచూపు మేర ఇసుక; గాలికి దాని మీద మడతలు. నిజం ఒప్పుకోవాలి, మమ్మల్ని మించినదే. గంగాదేవి ఇసుకను దోసిట పట్టి, "ఇంత ఇసుక ఇట్ల ఒదిలి పెట్టినారే! మా పెన్నేట్లో గాని ఉండుంటే వారంలో ట్రాక్టర్లకెత్తి ఊడ్చేస్తురు" అని ఆశ్చర్యపోయింది. తిప్పేస్వామి చెప్పులు విప్పి తిన్నె మీదినుంచి కిందికి జారాడు. మళ్లీ ఎక్కి మళ్లీ జారాడు. నేను రిటైరయిన పండితుణ్ని. నేనూ రెండుమార్లు జారాను.

ఆ ఉద్యానంలో బట్టమేక పక్షి ఉంటుంది. బట్టమేక అనే మాటలో మనకు తెలిసిన బట్టా లేదు, మేకా లేదు. దాని వ్యుత్పత్తి నాకింతవరకు చిక్కలేదు, అదొక వెలితి. ఒకప్పుడు మా వైపు మెట్టచేలలోనూ తిరిగేదని మా నాయన చెప్పేవాడు. దూరంగా పొడవాటి మెడతో ఏదో నిలబడితే గంగాదేవి అదే బట్టమేక అంది. భారతి అది ముళ్లపొద అంది. పొదలు నడవవు గదా అని మేము చూస్తూ ఉండగానే అది నడిచింది. ఆ సంతోషానికి నలుగురమూ అరిచిన అరుపుకు ఎగిరిపోయింది కూడా.

అక్కడి కాపలాదారును నేను నాకు వచ్చిన హిందీలో పలకరించాను. మాది అనంతపురమని, తమ తరువాతి స్థానం మాదేనని, సోదరభావంతో చూడవచ్చామని చెప్పాను. అతడు తల గోక్కున్నాడు.

"అనంతపురమా? అదెక్కడ? కేరళలోనా? అక్కడ వానలు బాగా పడతాయి గదా!"

నేను తర్జుమా చేయగానే గంగాదేవి కొంగు నడుముకు చెక్కింది. "ఏమీ! ఇన్నేండ్లుగా మనం వీళ్ల పేరు తల్సుకోని ఏడుస్తాంటే, వీళ్లకు మన పేరే తెలీదా? చెప్పండి అయ్యవారూ, మాకు పడేది నాలుగు చినుకులని చెప్పండి. అదీ చెనక్కాయ పీకేటప్పుడు పడతాదని చెప్పండి!"

అంతా చెప్పాను. అతడు శ్రద్ధగా విని, జాలిపడి, మా నాలుగు లోటాల నిండా మజ్జిగ పోశాడు. మా జిల్లా కరువుకు దేశంలో లభించిన తొలి గుర్తింపు అది. ఇంతలో ఒంటెలు మేపే రైకా కులపు ముసలి కాపరి ఒకడు కుంటుతున్న ఒంటెను నడిపించుకుంటూ మా ఆవు బొమ్మ వైపే రావడం చూసి భారతి, "అక్కా, పేషెంటు వస్తాండాది, ఈ తూరి మూడంతస్తులది" అంది. గంగాదేవి జంకలేదు. ఒంటెను కూర్చోబెట్టించి, అరికాలిలో విరిగిన తుమ్మముల్లును పిన్నీసుతో లాగేసింది. ఒంటె లేచి, ఆమె నెత్తిమీది పూలు తినేసి వెళ్లిపోయింది.

అక్కడినుంచి మీటరు గేజికి ఒక రోజు ప్రయాణం. తిప్పేస్వామి తెల్లవారకముందే లేచాడు. గడ్డం గీసుకున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. మళ్లీ మార్చుకున్నాడు. గంగాదేవి పెట్టె అడుగునుంచి ఒక చీర తీసింది. ఏ చీరో నేను అడగలేదు.

కొండల అడుగున చిన్న స్టేషను. ప్లాట్‌ఫారం పక్కన, చిన్న పెట్టెలతో, చిన్న కిటికీలతో నిలబడి ఉంది! తిప్పేస్వామి దగ్గరికి పోయి పట్టాల మధ్య జాగాను తన అడుగులతో కొలిచాడు. "మీటరే" అన్నాడు. టికెట్లు తీసుకున్నాము. వ్యానును రోడ్డు మార్గాన పై స్టేషనుకు తెచ్చే పని భారతిది. సాగనంపడానికి ఆమె ప్లాట్‌ఫారం చివర నిలబడింది. నేనూ గంగాదేవీ ఎక్కి, కిటికీ పక్కన అతనికి చోటు ఉంచి కూర్చున్నాము. అతడింకా కిందనే ఉన్నాడు; ప్లాట్‌ఫారం దాటి పోయి, వంగి, చాబీలు చూస్తున్నాడు.

కూత వేసింది.

తిప్పేస్వామి మూడడుగులు వెనక్కు జరిగాడు. నిటారుగా నిలబడ్డాడు. జెండా లేని కుడిచేతిని జెండా ఉన్నట్టే చాచాడు. బండి కదిలింది. మా కిటికీ అతని ముందునుంచి పోయింది. అతని కళ్లు మా మీద లేవు. వరుసగా చక్రాల మీద ఉన్నాయి. చివరి పెట్టెలోని గార్డు ఆ చాచిన చేతిని చూసి, ఎవరో తమ రైల్వేవాడే అనుకున్నాడు కాబోలు, పచ్చజెండా ఊపి ముచ్చటగా బదులిచ్చాడు.

"ఓయబ్బా!" అంది గంగాదేవి. "ఈ మనిషి మళ్లా నిలబడిపోయినాడే!"

వెనకనుంచి భారతి, "బావా, ఎక్కు బావా! అది నువ్వు ఎక్కాల్సిన బండి!" అని కేక పెట్టింది. అప్పటికి తిప్పేస్వామికి తెలివి వచ్చింది. పరుగెత్తాడు. దిమ్మె మీద నుంచి దిమ్మె మీదికి, ఒక్క అడుగు కూడా కంకరలో పడకుండా. బండి ఎగువకు నెమ్మదిగా పోతోంది గాని అతని కాళ్లకంటే వడి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చేతిలో జెండా లేని రైల్వే మనిషి రెండు చేతులూ తలపైకెత్తి నిలబడితే ముందు ప్రమాదముందని అర్థం. అది చూసిన గార్డు బండి ఆపి తీరాలి. తిప్పేస్వామి చేతులెత్తితే చాలు. నేను తలుపు దగ్గరినుంచి చూస్తున్నాను: అతని చేతులు భుజాల దాకా లేచాయి, ఆగాయి, దిగిపోయాయి. ముప్పైయొక్క ఏళ్లలో ప్రమాదం లేనిచోట అతడు చేతులెత్తలేదు. తన కోసమైనా ఆ అబద్ధం చెప్పలేకపోయాడు. బండికీ అతనికీ నడుమ దూరం పెరుగుతోంది.

గంగాదేవి రైల్వేలో పనిచేయలేదు. నన్ను పక్కకు నెట్టి, తలుపు కమ్మీకి వీపు ఆనించి, గార్డు వైపు తిరిగి, రెండు చేతులూ తలపైకెత్తింది. గాజులు మోచేతుల దాకా జారాయి.

బ్రేకులు కీచుమన్నాయి. బండి ఆగింది. గార్డు దూకి పరుగున వచ్చాడు. "ఖత్రా కహాఁ హై, మాతాజీ?" ప్రమాదమెక్కడ అని.

గంగాదేవికి కదిరి బజారులో నేర్చిన ఉర్దూ కాస్త వచ్చు; ఆ ఆత్రంలో అదంతా ఎగిరిపోయింది. "ఆడ సూడు సామీ, ఎగేసుకోని వస్తాండాడే, వాడే నా మొగుడు! నలభై ఏండ్లుగా నాకుండే డేంజరు అదొక్కటే!"

గార్డుకు తెలుగు రాదు. చూపించిన వేలు వైపు చూశాడు. రొప్పుతూ వచ్చిన తిప్పేస్వామి ముందుగా పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "ఏమే, లేని డేంజరు చూపిస్తివా? పరువు తీస్తివి గదే!"

"నీ పరువు ఈ కంకర మీద పెట్టి, నువ్వు బండెక్కు ముందు."

తిప్పేస్వామి గార్డు వైపు తిరిగి, నిటారుగా నిలబడి, తన రైల్వే హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాడు: ప్రమాదమేదీ లేదు, తప్పు తనది, తను ముప్పైయొక్క ఏళ్లు మీటరు గేజి కీమ్యాన్, కూత వినగానే కాళ్లు వాటంతట అవే వెనక్కు పోయాయి. చివర ఒక మాట చేర్చాడు: "స్టేషను నుంచి ఇక్కడిదాకా చాబీలన్నీ బిగువుగా ఉన్నాయి సాబ్. మీ కీమ్యాన్ మంచోడు."

"పరుగెత్తుతూ చాబీలు చూశావా?" అన్నాడు గార్డు.

"ఆదత్, సాబ్." అలవాటు.

గార్డు కోపంగా ఉండటానికి చాలా ప్రయత్నించాడు. మీసాల కింద నవ్వు ఆగలేదు. ఆ చేతిని పట్టుకొని తానే పెట్టెలోకి ఎక్కించాడు.

ఆ తరువాతి గంట ఎట్లా గడిచిందో నేను వరుసగా చెప్పలేను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో అందరూ అరిచారు. అందరికంటే పెద్దగా గంగాదేవి అరిచింది. వంతెన మీద తిప్పేస్వామి కళ్లు మూసుకొని చక్రాల చప్పుడు విన్నాడు. "ఏమంటాండాదో చెప్పండి అయ్యవారూ" అన్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి, రెండు లఘువులు, ఒక గురువు, మళ్లీ ఒక లఘువు, ఇది సలము, ఇంద్రగణాల్లో ఒకటి అన్నాను. "సలమూ లేదు పొలమూ లేదు" అంది గంగాదేవి. "ముదిగుబ్బ, ముదిగుబ్బ అంటాండాది, వినబళ్లేదా?" గణవిభజన చేసి చూస్తే ఆమె మాటా, నా లెక్కా ఒకటే. శాస్త్రం ఇంత సంతోషాన్నిస్తుందని నా చిన్ననాటి గురువులు నాకు చెప్పలేదు.

పై స్టేషనులో భారతి బండియిల్లు పెట్టుకొని ఎదురుచూస్తోంది. తిప్పేస్వామి దిగలేదు.

"దిగు బావా."

"ఈ పక్క కిటికీలోంచే సూసినా. ఆ పక్క ఏముండాదో తెలీదు. కిందికి పోయేటప్పుడు ఆ పక్క కూచుంటా."

"మరి నేను మళ్లా కిందికి తోలుకోని రావల్లనా?"

"వస్తే రా, ల్యాకుంటే ఈడే ఉండు. మేం రేపు మళ్లా పైకొస్తాం గదా" అంది గంగాదేవి, అప్పటికే ఎదుటి కిటికీ పట్టుకొని.

మూడు రోజులు పైకీ కిందికీ తిరిగాము. మొదటినాడు నేను, రెండోనాడు భారతి, తోడు పోయి పోయి విసిగిపోయాము. వాళ్లిద్దరికీ విసుగు రాలేదు. మూడోనాడు పొద్దున గార్డు కూతకు ముందు వాళ్ల కిటికీ దగ్గరికి వచ్చి, లోపలికి తొంగిచూసి, వేలితో లెక్కపెట్టుకున్నాడు. గంగాదేవి అతనికి తన ఒడి చూపించింది. తిప్పేస్వామి భుజం మీది తువ్వాల కొసకూ, ఆమె కొంగుకూ కలిపి పెద్ద ముడి వేసి ఉంది.

కూత వేసింది. తిప్పేస్వామి చప్పున లేచాడు. ముడి లాగింది. కూర్చున్నాడు.